కాపురానికి డిక్రీ

హుస్సేనీ ఆలం నుంచి మూసీ వైపు నడిస్తే హైకోర్టు వస్తుంది. కుటుంబ న్యాయం అనగానే మనకి విడాకులు, మనోవర్తి, పిల్లల కస్టడీ గుర్తొస్తాయి. ఆ గుమ్మటాలు చూస్తే నాకు గుర్తొచ్చేది 1983 జులై 1 నాటి తీర్పు.

సినీనటి సరితకి 1975లో, హైస్కూల్లో ఉండగానే పెళ్లయింది. వెంటనే విడిపోయారు. ఐదేళ్లు దాటాక, ఆమెని కాపురానికి పంపమని భర్త కడప సబ్‌కోర్టుకెళ్లాడు. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ అందుకు వీలిస్తుంది. డిక్రీకి లొంగకపోతే ఆస్తి జప్తు చెయ్యొచ్చు.

కేసు హైకోర్టుకొచ్చింది. జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్నే కొట్టేశారు. ఎవరితో కలవాలో, బిడ్డని కనాలో వద్దో తేల్చుకునే హక్కు స్త్రీ చేతిలోంచి రాజ్యం చేతికి పోతుందన్నారు. చట్టం ఇద్దరికీ ఒకటే కదా అంటారా? గర్భం మోసేది ఒక్కరేగా!

ఈ పద్ధతి మన ధర్మశాస్త్రాల్లోది కాదు, ఇంగ్లండు చర్చి కోర్టులది. 1867లో ప్రీవీ కౌన్సిల్ ఒక ముస్లిం దంపతుల కేసులో దీన్ని ఇక్కడా ఒప్పుకుంది. ఇంగ్లండు 1970లో రద్దు చేసుకుంది. మనం ఉంచుకున్నాం. 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు చౌదరిగారితో విభేదించి సెక్షన్ని నిలబెట్టింది.

తమాషా ఏంటంటే, డిక్రీ వచ్చాక ఏడాదిపాటు కలవకపోతే అదే విడాకులకి కారణమవుతుంది. కలపడానికి పెట్టిన సెక్షన్ విడిపోవడానికి దారైంది.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ హక్కు గురించే మూసీ ఒడ్డున ముప్పై నాలుగేళ్ల ముందు మాట్లాడారు. 9వ సెక్షన్ మాత్రం చట్టంలో అలాగే ఉంది.