రాతి మీద ఊరు, మట్టి మీద చేను



ఈ వేళ ఎరువుల మాట ఎత్తను. ఒక వంట సంగతి చెబుతాను. వంటకూ వ్యవసాయానికీ ఏమి సంబంధమంటారా? పొయ్యి మీద నుంచి దిగిపోయిన గింజ కొన్నాళ్లకు చేలో నుంచి కూడ పోతుంది. మన జొన్న గతి మీకు తెలియనిది కాదు గదా!

కౌకూర్ పక్కనే బొల్లారం. నిజాం కాలంలో ఇంగ్లీషు దొరల కింద నడిచిన ఫౌజు అక్కడ విడిసి ఉండేది. పట్నానికి దక్షిణాన, చాంద్రాయణగుట్ట దాటాక బార్కాస్ ఉన్నది. ఆ పేరూ ఫౌజుదే. బ్యారక్స్ అన్న ఇంగ్లీషు మాట జనం నోట నలిగి బార్కాస్ అయింది. నిజాం కొలువులోని అరబ్బు సిపాయిలు అక్కడ ఉండేవారు. వారిలో ఎక్కువమంది యెమెన్ దేశపు హద్రమౌత్ సీమవారు. వానలు తక్కువ, చేలు తక్కువ, నోళ్లు ఎక్కువ. అందుకని మగవారు సముద్రం దాటి కొలువులు వెతుక్కున్నారు. అలా వచ్చి జమాదారైన ఉమర్ బిన్ అవద్ అల్ కుఐతీ వంశమే తరువాత ముకల్లా రేవును ఏలింది. 1967 దాకా ఆ సుల్తానులు ఉన్నారు.

వారి ఊళ్లు ఎట్లా ఉంటాయో చెబుతాను. రెండు పక్కలా నిట్టనిలువు కొండ, నడుమ లోయ. వాన కురిస్తే కొండ మీది నీరంతా ఒక్కసారిగా లోయలోకి దూకుతుంది. ఆ వరదను మట్టికట్టలతో చేలకు మళ్లిస్తారు. నీటితోబాటు ఒండ్రు కూడ వచ్చి చేలో పరుచుకుంటుంది. అంత విలువైన మట్టి మీద ఎవరు ఇల్లు కడతారు? దోఆన్ లోయలో ఊళ్లు కొండ పాదాన రాతిని అంటిపెట్టుకుని ఉంటాయి. అల్ హజరైన్ అనే పాత ఊరు రాతిగుట్ట నెత్తి మీదనే ఉన్నది. ఇల్లు రాతి మీద, చేను మట్టి మీద. ఆ లోయ తేనెకు పేరు. తేనెటీగలు మేసేది మన రేగు జాతి చెట్ల పూలనే. ఇంకో ఊరు షిబాం. పచ్చి ఇటుకలతో ఆరేడు అంతస్తుల మేడలు కట్టారు. 1982లో దానిని ప్రపంచ వారసత్వ స్థలమన్నారు. 2008లో వరద దెబ్బ తగిలింది. యుద్ధం వచ్చాక 2015లో ప్రమాదంలో ఉన్న స్థలాల పట్టీలో చేర్చారు. మట్టిగోడను ఏటేటా మెత్తుతూ ఉండాలి. మెత్తేవాడు ఊళ్లో లేకపోతే వాన ఊరుకోదు.

ఇక వంట. గోధుమలు దంచి పొట్టు తీసి నానబెడతారు. ఎముకతో ఉన్న మాంసం వేసి సన్నసెగన గంటల తరబడి ఉడికించి, గింజా మాంసమూ ఒకటయ్యేదాకా కర్రతో మెదుపుతారు. పైన నెయ్యి. ఇది హరీస్. బార్కాస్‌లో దీనిని ఉప్పుతోనూ తింటారు, చక్కెరతోనూ తింటారు. దీనికి పప్పులూ మసాలాలూ చేరి పట్నంలో హలీం అయింది. ఆ హైదరాబాదు హలీంకే 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మరగ్ అంటే పలుచని మాంసపు చారు. మందీ అన్నం సంగతి చెప్పనక్కర లేదు, ఇప్పుడు ప్రతి రోడ్డు మీదా బోర్డు కనబడుతున్నది.

నాకు మాత్రం వీటికంటె అసీద్ మీద మనసు. యెమెన్ పడమటి కొండల్లో వాలు పొడుగునా రాతికట్టలు పేర్చి మెట్లుమెట్లుగా చేలు చేశారు. వందల ఏళ్ల పని. అక్కడి ముఖ్యమైన పంట ఏమనుకున్నారు? మన జొన్నే! మరిగే నీళ్లలో జొన్నపిండి పోసి, గట్టిపడేదాకా తెడ్డుతో కలిపి, కుప్పగా పెట్టి, నడుమ గుంట చేసి చారు పోస్తారు. 1970 తరువాత మగవారు సౌదీ అరేబియా కూలికి పోయారు. బయటినుంచి గోధుమపిండి చవకగా దిగింది. జొన్న తగ్గింది. కూలిన కట్టను పేర్చే చేయి లేక చాలాచోట్ల మన్ను కొట్టుకుపోయింది.

1948లో నిజాం పాలన పోయాక అరబ్బులు చాలామందిని ఓడలెక్కించి పంపారు. మిగిలినవారు బార్కాస్‌లోనే ఉండిపోయారు. బార్కాస్ జామపండు ఒకప్పుడు పట్నమంతా పేరు. ఆ తోటల్లో చాలామటుకు ఇప్పుడు ఇళ్లు లేచాయి. కౌకూర్‌లో మటుకు ఏమైంది? గుండ్రాళ్ల గుట్ట ఉన్నచోటనే ఉన్నది, కింద చేలు ప్లాట్లయినాయి. మనం తిరగేసి కట్టుకున్నాం.

ఆ మధ్య బార్కాస్‌లో ఒక ఇంట నేల మీద, ఒకే పళ్లెం చుట్టూ నలుగురితో కూర్చుని తిన్నాను. ఆ ఇంటి పెద్దమ్మ "మీవాళ్లు జొన్నలతో ఏం చేస్తారు బేటా?" అని అడిగింది. గట్క సంగతి చెప్పాను. "నడుమ గుంట చేసి చారు పోస్తారా?" అన్నది. పోస్తామన్నాను. ఆమె నవ్వి, ఈసారి వచ్చేటప్పుడు మీ ఊరి జొన్నలు ఇన్ని తెమ్మన్నది.

కౌకూర్‌లో నాలుగు గడపలెక్కి అడిగాను. చివరకు కొట్లో కొని పట్టుకుపోయాను.