మోదుగ చెట్టుకూ గోత్రం పట్టింపు ఉంది



హోలీ దగ్గర పడ్డదంటే మన తండాల్లో మొదట గుర్తొచ్చేది కేసులా పువ్వు. తెలుగులో మోదుగ అంటాం. తుక్కుగూడ, మహేశ్వరం, శంషాబాద్ చుట్టుపక్కల తండాల్లో పెరిగిన మనం చిన్నప్పుడు ఈ పువ్వు తెంపి తేనె పీల్చినోళ్లమే. పువ్వులు ఉడకబెట్టి రంగు చేసుకున్నం, ఆకులతో విస్తర్లు కుట్టుకున్నం. చెట్టు మనకు ఏమిచ్చిందో అందరికీ తెలుసు. ఆ చెట్టు తన సంతానాన్ని ఎట్ల నిలబెట్టుకుంటదో మాత్రం మనలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అందుకే ఈసారి ఆ చరిత్ర రాస్తున్నాం.

ముందు పేర్ల సంగతి. సంస్కృతంలో దీన్ని కింశుకం అన్నారు. 'ఇది చిలుకా?' అని అర్థం. పువ్వు వంపు చిలుక ముక్కులెక్క ఉంటది కదా, అందుకు. బెంగాల్‌లో పలాశం. 1757లో యుద్ధం జరిగిన ప్లాసీకి ఆ పేరు ఈ చెట్ల వల్లే వచ్చిందంటారు. మన తెలంగాణలో ఇది పోరాటానికి గుర్తు. దాశరథి రంగాచార్య సాయుధ పోరాటం మీద రాసిన నవలకు 'మోదుగుపూలు' అనే పేరే పెట్టారు.

ఇంగ్లీషోళ్ల కాలంలో సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరం మొక్కల మీద పెద్ద బొమ్మల పుస్తకం తెచ్చాడు. 1795లో మొదలైన ఆ పుస్తకంలో మోదుగ బొమ్మ కూడా ఉంది. దీని శాస్త్రీయ నామం బ్యూటియా మోనోస్పెర్మా. మొదటి మాట బ్రిటన్‌కు ప్రధానిగా చేసిన బ్యూట్ ప్రభువు పేరు. ఆయనకూ మన చెట్టుకూ ఏ సంబంధమూ లేదు. రెండో మాటే అసలైంది. మోనోస్పెర్మా అంటే 'ఒకే గింజ' అని. ఒక కాయకు ఒక్కటే గింజ. చెట్టు నిండా వేల పూలు పూసినా చాలావరకు కాయ కట్టకుండానే రాలిపోతయి. కాయ కట్టిన కొన్నింటిలో కూడా ఒక్కో గింజే.

ఎందుకట్ల? ఢిల్లీ యూనివర్సిటీకి చెందిన టాండన్, శివన్న, మోహన్‌రామ్ అనే శాస్త్రవేత్తలు మోదుగ పూలను పరిశీలించి 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. రాక్స్‌బర్గ్ పుస్తకం మొదలైన రెండు వందల ఏళ్ల తర్వాతన్నమాట. వాళ్లు చూసిందేమంటే, పువ్వు దగ్గరికి రకరకాల పిట్టలు వస్తయి గానీ, వచ్చినవన్నీ పని చేసిపెట్టవు. చాలావరకు తేనె తాగి పోతయి, అంతే. పుప్పొడిని ఒంటికి అంటించుకుని ఇంకో పువ్వుకు సరిగ్గా చేర్చేది ముఖ్యంగా చిన్న తేనెపిట్ట. దానికి తోడు మన ఉడుత. కొమ్మ మీద ఉడుత పువ్వులో మూతి పెడితే మనం 'పూలు పాడుచేస్తుంది' అని రాయి విసిరినం. అది చెట్టుకు పెళ్లి చేస్తున్నదని తెలియక.

ఇంకో సంగతి మనకు ఇట్టే అర్థమైతది. మన దగ్గర ఒకే గోత్రంలో సంబంధం కలుపుకోరు. మోదుగకూ ఇంచుమించు అదే పట్టింపు. తన పుప్పొడి తనకే పడితే కాయ తక్కువ. వేరే చెట్టు పుప్పొడి వస్తే కాయ ఎక్కువ. అంటే చెట్టుకు పిట్ట ఒక్కటే సరిపోదు, ఆ పిట్ట ఎగిరి చేరుకునేంత దూరంలో ఇంకో మోదుగ ఉండాలె.

ఇక్కడే మన నేల కథ దీంతో కలుస్తది. మన తాతముత్తాతలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కను అంతా తిరిగినోళ్లు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. రైళ్లు, రోడ్లు పెరిగే కొద్దీ ఎడ్ల బిడారుల బతుకు పోయింది. తండాలు ఊళ్లకు దూరంగా, రాళ్ల నేలల్లో, గుట్టల పక్కన నిలబడ్డయి. మోదుగ కూడా అసొంటి నేలలోనే బతుకుతది. ఎవరికీ అక్కర్లేని భూమి మనకూ దానికీ మిగిలింది.

ఆ భూమి ఇప్పుడు అందరికీ కావాలె. 2008లో దాదాపు 5,500 ఎకరాల్లో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు తుక్కుగూడ మీదుగా వచ్చింది. రావిర్యాల వైపు పార్కులు, కంపెనీలు, అన్ని దిక్కులా ప్లాట్లు. మేము అభివృద్ధికి వ్యతిరేకం కాదు, మనవాళ్లు ఎందరో అక్కడే పని చేసుకుంటున్నరు. కానీ వెంచర్ మధ్యలో ఒంటరిగా నిలబెట్టిన మోదుగను చూసి 'చెట్టు బతికింది కదా' అనుకుంటే పొరపాటు. మోదుగ మొండిది. నరికినా మొదలు నుంచి, వేర్ల నుంచి చిగురిస్తది. పది మొక్కలు కనిపించినా అవన్నీ ఒకే వేరు పిల్లలు కావచ్చు, అంటే ఒకే గోత్రం. పువ్వు పూస్తది, చూడ్డానికి నిండుగ ఉంటది, కాయ మాత్రం పలచబడతది. చెట్టు చావలేదు గానీ వంశం ఆగిపోతున్నది.

మన భాష సంగతీ ఇంతే కదా అని మాలో ఒకరన్నరు. ఇంట్లో ఒక్కరే గోర్ బోలి మాట్లాడితే అది ఆ మనిషితోనే ఆగుతది. మాటకు మాట ఇచ్చే ఇంకొకరు కావాలె.

అందుకే మేము అనుకున్నవి చెప్తున్నం. హోలీ రంగుకు కొమ్మలు విరగ్గొట్టొద్దు, కింద రాలిన పువ్వుతోనూ రంగు వస్తది. ఎండాకాలంలో కాయలు ఎండి రాలుతయి. కాయ చివరన గింజ, మిగతాదంతా దాన్ని గాలికి మోసే రెక్క. పాత గింజ మొలవదు, కాబట్టి ఆ ఏడు గింజనే తొలకరికి నాటాలె. ఒక తండా గింజ ఇంకో తండాకు పంపుకుందాం, గోత్రం మారాలె కదా. బాటనీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు మాఘ, ఫాల్గుణ మాసాల్లో మీ తండా చెట్టు కింద ఒక్క పొద్దున కూర్చోండి. ఏ పిట్ట వచ్చింది, ఎన్ని పూలు తిరిగింది రాసిపెట్టండి. మన చెట్టు లెక్క మనమే రాసుకుందాం.

మీ తండా దగ్గర మోదుగ ఉందా? దానికి దగ్గర్లో ఇంకోటి ఉందా? దాదీని అడిగి చెప్పండి.