లూప్ పోయిన దారి

లూప్ ఓడిపోయిందని తెలిసిన కథే ఇది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో పదింట దాదాపు ఏడుగురు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. గర్భం రాకుండా గర్భాశయంలో అమర్చే లూప్ వాడేవాళ్లు నూటికి ఒకరైనా లేరు.

1965లో మన దేశానికి అది ఎంత ఆశగా వచ్చిందని! అమెరికాలోని బఫెలో వైద్యుడు జాక్ లిప్పెస్ తీర్చిన చిన్న ప్లాస్టిక్ మెలిక. కోత అక్కర్లేదు. వద్దనుకున్ననాడు తీయించేసుకుంటే మళ్లీ కడుపు పండుతుంది. కాన్పు మీద కాన్పుతో ఒంట్లో నెత్తురు ఇంకిపోయిన తల్లులు ఇంకేం కోరుకుంటారు? కాన్పూరులో ఫ్యాక్టరీ వెలిసింది. 1966–67లో దేశమంతటా 9 లక్షలకు పైగా లూపులు వేశారు. వేసిన ప్రతి లూపూ లెక్కకెక్కింది. వేయించుకుని ఇంటికి నడిచి వెళ్లిన మనిషి మాత్రం ఏ లెక్కలోకీ రాలేదు.

నెలసరి ఆగదు. పొత్తికడుపులో పోటు. తెల్లబట్ట. ఎవరితో చెప్పుకుంటుంది? ఆడ డాక్టర్లు తక్కువ, లూప్ వేసిన క్యాంపు అప్పటికే ఎత్తేశారు. ‘మొదట్లో నెత్తురు ఎక్కువ పోతుందమ్మా, తగ్గకపోతే రా, తీసేస్తాం’ అని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే! ఆ మాట చాలామందికి అందలేదు. భయం ఊరూరా తిరిగింది. 1968–69 నాటికి లూపుల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది.

అమెరికాలో 1971లో వచ్చిన డాల్కన్ షీల్డ్ అనే మరో రకం లూప్ ఆ భయాన్ని ఇంకా పెంచింది. దాని తోకదారం అనేక పోగులది. ఆ పోగుల వెంట క్రిములు గర్భాశయంలోకి పాకాయి. ఆడవాళ్లు చనిపోయారు. 1974లో అమ్మకం ఆపారు గానీ, నింద లూపులన్నిటికీ అంటింది.

1992లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం అసలు సంగతి తేల్చింది: ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువగా లూప్ వేసిన తొలి 20 రోజుల్లోనే, ఆ తర్వాత చాలా తక్కువ. ముందే పరీక్షించి, దాగి ఉన్న సుఖవ్యాధికి మందిచ్చి, శుభ్రంగా వేసి, మూడు వారాలు కనిపెట్టుకుని ఉంటే చాలు. ఆ మూడు వారాలే లూప్ వేయించుకున్న మనిషిని ఒంటరిగా వదిలేశాం. తలచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా భావనపాడు వంటి తీరపల్లెల గురించే నా దిగులు. పాతికేళ్లైనా నిండకుండా ఆపరేషన్ అయిపోయిన తల్లికి బిడ్డ జ్వరానికో సముద్రానికో పోతే, మళ్లీ కనే దారి దాదాపు మూసుకుపోయినట్టే. పదేళ్లు పనిచేసే కాపర్-టి అనే కొత్తరకం లూప్ ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా వేస్తారు. ఆపరేషన్‌కు రాయించుకునే ముందు ఆ సంగతి, దాని మంచీ చెడ్డా ఆమెకు కూర్చోబెట్టి చెప్పాలి.