రంగు ఖరీదు

మన మాటలు దేశాలు తిరిగి, వేషం మార్చుకొని, మళ్ళీ మన గుమ్మం ముందు నిలబడడం కొత్త కాదు. కార్లకు వేసే ‘లాకర్’ అటువంటిదే (బ్యాంకు లాకరు కాదు సుమా!). సంస్కృత ‘లాక్షా’ శబ్దం మనకు ‘లక్క’ అయింది. అదే పారశీక, అరబ్బీ, పోర్చుగీసు భాషల మీదుగా నడిచి ఇంగ్లీషులో లాకర్ అయింది. కారు రంగులో ఇప్పుడు లక్క లేదు. పేరు మాత్రం మిగిలింది.

తొలినాటి కార్లకు గుర్రపు బగ్గీలకు వాడే వార్నిష్ రంగులనే కుంచెతో వేసేవారు. ఒక పూత ఆరితేగాని మరొకటి పడదు. అలా ఒక్కొక్క బండికి వారాలు పట్టేది. ఫోర్డు కంపెనీ 1914 నుండి 1925 వరకు తన మోడల్ టి కారును నలుపులోనే అమ్మింది. రంగు ఒక్కటే అయితే పని సులువు, ఖర్చు తక్కువ.

1846లో షోన్‌బైన్ అనే రసాయనజ్ఞుడు పత్తిని ఆమ్లాలతో కలిపి పేలుడు పదార్థంగా మార్చాడు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక డ్యూపాంట్ సంస్థ ఆ నైట్రోసెల్యులోజ్‌నుండే ‘డూకో’ రంగు తయారుచేసింది. 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకు దానిని వేశారు. వారాల పని గంటలలోకి వచ్చింది. మన పొందూరులో సన్నఖద్దరయ్యే పత్తి, అక్కడ మందుగుండై, చివరకు కారుకు చొక్కా అయింది!

1998లో మా మామగారి పాత అంబాసిడర్ నాకు సంక్రమించింది. టింకరింగ్, పెయింటింగ్‌లకు అడిగిన మొత్తం నా నెల జీతాన్ని మించింది. లారీలకు పేరుపడ్డ సాలూరులో ఒక వృద్ధ పెయింటరును సలహా అడిగాను. “మేష్టారూ, డబ్బులు డబ్బాక్కాదండి, గీకుడుకండి” అన్నాడు. ఇంత సూటైన అర్థశాస్త్రం నేను మరెక్కడా వినలేదు.

గీకుడు నేనే పెట్టుకున్నాను. సముద్రపుగాలి ఉప్పును ముందు మంచినీటితో కడగాలి. లేకుంటే రంగు కింద తుప్పు మళ్ళీ పుడుతుంది. తుప్పు గీకి, ప్రైమరు వేసి, గుంతలకు పుట్టీ పెట్టి, వాటర్‌పేపరు ముతకనుండి నునుపుకు, నాలుగువందల నంబరు దాకా రుద్దాలి. ఎనిమిది ఆదివారాలు పట్టింది. కంప్రెసరును ఒక్కరోజుకే అద్దెకు తెచ్చాను. గాలిలో తేమ ఉన్నప్పుడు లాకర్ కొడితే థిన్నరు త్వరగా ఆవిరై రేకు చల్లబడుతుంది, చెమ్మ పట్టి రంగు తెల్లగా పాలిపోతుంది. అందుకే ఫాల్గుణమాసంలో, ఎండ ఎక్కాక పని పెట్టుకున్నాం. చుట్ట, బీడీ దగ్గరికి రానీయలేదు. పాండవుల లక్క ఇల్లు గుర్తుందిగదా; ఈ లాకరుకూ ఆ గుణమే.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. రంగులూ మారాయి. నేటి రెండు భాగాల రంగుల గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు హాని. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే చాలదు. కనుక మిత్రులెవరైనా ఈ పనికి పూనుకుంటే కడుగుడు, గీకుడు, రుద్దుడు మీరే చేసుకోండి. చివరి పూత మాత్రం తగిన వసతి ఉన్నచోట వేయించండి.

కారు రంగు చరిత్ర అంతా కాలాన్ని కొనుక్కున్న కథ. కంపెనీలు రసాయనంతో కొన్నాయి. కొనలేని మనబోటివారు ఆదివారాలతో చెల్లిస్తాం. చెల్లించేది సొమ్మయినా శ్రమయినా, రేకుమీద నిలిచేది మాత్రం కింద చేసిన పనే.