పెట్రోల్ కొట్టించాక కారులో వాసన వస్తోందా? ఘాట్ ఎక్కే ముందు ఇవి చూసుకోండి

తిరుపతిలో ట్యాంకు ఫుల్ చేయించి అలిపిరి వైపు బయల్దేరారు. కొద్దిసేపటికే కారులో పెట్రోల్ వాసన గుప్పుమంది. అద్దాలు దించి వెళ్లిపోవచ్చా? బండి ఆపాలా? వాసన ఎంతసేపు ఉంది, ఎక్కడ నుంచి వస్తోంది అన్నదాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

ఎప్పుడు మామూలు? ఎప్పుడు ప్రమాదం?

నాజిల్ తీసేటప్పుడు నాలుగు చుక్కలు కారు మీదో, చేతుల మీదో, చెప్పుల మీదో పడితే వాసన వస్తుంది. అది పది పదిహేను నిమిషాల్లో తగ్గిపోతుంది. అరగంట దాటినా తగ్గకపోయినా, మర్నాడు తలుపు తీయగానే మళ్లీ వచ్చినా కారణం వెతకాల్సిందే. కారు కింద తడి కనిపిస్తే మాత్రం ఇక స్టార్ట్ చేయొద్దు.

సుమారు మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా పెట్రోల్ నుంచి నిప్పంటుకునేంత ఆవిరి వస్తుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువైనది కాబట్టి కారు కింద, నేల మీద పేరుకుంటుంది. కారులో ఉన్నవారికి తలనొప్పి, వికారం కూడా కలిగిస్తుంది.

కారణం ఎలా కనిపెట్టాలి?

కారును ఆరుబయట, చదునైన చోట ఆపండి. ఇంజిన్ ఆపి, అందరినీ దించండి. అగ్గిపుల్ల, లైటర్, సిగరెట్ దగ్గరికి రానివ్వొద్దు. తర్వాత ఈ వరుసలో చూడండి.

• ట్యాంకు మూత: చాలాసార్లు తప్పు ఇక్కడే ఉంటుంది. 'టక్' మని వినిపించేదాకా తిప్పారా? లోపలి రబ్బరు వాషర్ పగిలిందా? పగిలితే అదే మోడల్ మూత కొత్తది వేయించండి.

• పెట్రోల్ పోసే గొట్టం: నింపిన వెంటనే వెనక చక్రం దగ్గర తడి కనిపిస్తే గొట్టానికి తుప్పో, పైపుకు పగులో ఉండొచ్చు. ఇది మెకానిక్ చేయాల్సిన పని.

• వెనక సీటు దగ్గర వాసన: చాలా కార్లలో ఫ్యూయల్ పంపు మూత ఆ సీటు కిందే ఉంటుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడో, ఎత్తు ఎక్కేటప్పుడో మాత్రమే వాసన వస్తుంటే ట్యాంకు పైభాగంలోని సీలును అనుమానించాలి.

• బోనెట్ దగ్గర వాసన: ఇంజిన్‌కు పెట్రోల్ తెచ్చే పైపులు, క్లిప్పులు చూపించండి. టేపు చుట్టించి సరిపెట్టుకోవద్దు, పైపు మార్పించండి.

• పైన ఏదీ కాకపోతే: పెట్రోల్ ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా, అంటే చార్‌కోల్ క్యానిస్టర్, పాడై ఉండొచ్చు.

'రౌండ్ చేయండి' అనొద్దు

నాజిల్ ఆటోమేటిక్‌గా ఆగాక కూడా లెక్క రౌండ్ కావాలని ఇంకొంచెం పోయించుకోవడం మనలో చాలామందికి అలవాటు. అలా పోసిన పెట్రోల్ ఆవిరి పైపు గుండా చార్‌కోల్ క్యానిస్టర్‌లోకి వెళ్లి దాన్ని పాడుచేయొచ్చు. పైగా 40 లీటర్ల పెట్రోల్ 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 380 మిల్లీలీటర్లు పెరుగుతుంది. తిరుపతి, చిత్తూరు ఎండల్లో అంచుదాకా నింపి నిలబెట్టిన కారులో దానికి చోటెక్కడ? మొదటిసారి ఆగగానే చాలనండి.

తిరుమల వెళ్తుంటే

వాసన తగ్గకుండా ఘాట్ రోడ్డు ఎక్కొద్దు. కొండదారిలో ఇంజిన్ బాగా వేడెక్కుతుంది, బండి పక్కకు తీసి ఆపే చోట్లూ తక్కువ. కారు కిందే వదిలి, ఆర్టీసీ సప్తగిరి బస్సులో కొండెక్కి దర్శనం చేసుకోవచ్చు. తిరిగి వచ్చాక కారు మెకానిక్‌కు చూపించండి.

కంపెనీ లోపమైతే?

రిపేరుకు డబ్బు కట్టే ముందు మీ మోడల్‌పై రీకాల్ ఉందేమో చూడండి. 2019 ఆగస్టులో మారుతీ సుజుకీ 40,618 వ్యాగన్ ఆర్ కార్లను వెనక్కి పిలిచింది. ఫ్యూయల్ హోస్ మెటల్ క్లాంప్‌కు రాసుకునే అవకాశం ఉందన్నది కారణం. లోపం ఉన్న భాగాన్ని ఉచితంగా మార్చింది. ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టినా, షోరూంలో అడిగినా తెలుస్తుంది.

మోటారు వాహనాల సవరణ చట్టం 2019లోని 110ఎ సెక్షన్ ప్రకారం లోపమున్న వాహనాలను వెనక్కి పిలవాలని కేంద్రం కంపెనీలను ఆదేశించవచ్చు. దీని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

ఎవరికి ఫోన్ చేయాలి?

• మంట, పొగ కనిపిస్తే: కారుకు దూరంగా వెళ్లి 101 లేదా 112. పెట్రోల్ మంట మీద నీళ్లు పోయొద్దు.
• జాతీయ రహదారిపై బండి ఆగిపోతే: 1033.
• బంకుపైనో, సర్వీస్ సెంటర్‌పైనో ఫిర్యాదుకు: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. బంకులోని ఫిర్యాదుల పుస్తకంలోనూ రాయొచ్చు. బిల్లు దాచుకోండి.