బిస్మిల్లా ఖాన్ తెలుసు, చినమౌలానా తెలుసా?



పోయిన నెల బత్తలపల్లెలో మా రిష్తేదారుల ఇంట్లో నికా జరిగింది. బారాత్ ముందు డీజే పెట్టారు. వాకిట్లో కూర్చున్న మా పెద్ద చిచ్చా, "మా కాలంలో సన్నాయి మేళం వచ్చేది. వాయించేదీ మనోళ్లే" అన్నాడు. పక్కనున్న కుర్రాడు నవ్వాడు. "సన్నాయి గుళ్లో కదా చిచ్చా, మనోళ్లకేం సంబంధం?" ఆ ప్రశ్నకి జవాబే ఈ మజ్మూన్.

షహనాయి అంటే ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ అని మన ఇళ్లలో పిల్లలు కూడా చెబుతారు. కాశీ విశ్వనాథుడి గుడి, 2001లో భారతరత్న, అన్నీ తెలుసు. మరి మన తెలుగు గడ్డ మీదే పుట్టి, మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్న షేక్ చినమౌలానా సాహెబ్ పేరు ఎంతమందికి తెలుసు?

ఆయన 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. ఖాన్‌దాన్ అంతా నాదస్వరమే. కోస్తాలో, ముఖ్యంగా చిలకలూరిపేట చుట్టుపక్కల, ఈ వాద్యం తరతరాలుగా ముస్లిం ఇళ్ల విరాసత్. గుడి సేవలు, పెళ్లి మేళాలు వాళ్ల రిజ్క్. పశ్చిమ ఆఫ్రికాలోని మాలీలో జెలీలనే ముస్లిం ఖాన్‌దాన్‌లు ఉన్నాయి. అక్కడ కోరా అనే తంతివాద్యం తండ్రి నుంచి కొడుక్కి అందుతుంది. తుమానీ దియాబతే అలా వచ్చినవాడే. కరవది కథ తలుచుకుంటే నాకు వాళ్లు గుర్తొస్తారు.

అయితే విరాసత్ ఒక్కటే చినమౌలానాను చినమౌలానా చేయలేదు. ఇంట్లో అబ్బాజాన్ దగ్గర, తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర తాలీమ్ అయింది. ఆంధ్రలో పేరొచ్చింది. అక్కడితో ఆగిపోయినా ఇల్లు గడిచేది. కానీ తమిళనాడులో తోడి రాగానికి మారుపేరైన టి.ఎన్. రాజరత్నం పిళ్లై వాదన ఆయన మనసు పట్టుకుంది. ఆ తంజావూరు బాణీ కోసం కుంభకోణం దగ్గరి నాచ్చియార్‌కోయిల్ వెళ్లి, రాజం, దురైకణ్ణు అనే అన్నదమ్ముల దగ్గర మళ్లీ షాగిర్ద్ అయ్యారు. జబాన్ వేరు, ఊరు వేరు, దీన్ వేరు. ఉస్తాద్ అనిపించుకున్నవాడు మళ్లీ మొదటి పాఠానికి కూర్చోవడం చిన్న మాట కాదు.

నాదస్వరానికి హార్మోనియంలా మెట్లుండవు. వేళ్లకి ఏడు రంధ్రాలు, నోట్లో పీక, అంతే. సుర్ ఎక్కడ వంగాలో, ఎక్కడ వణకాలో పెదవి, ఊపిరి తేల్చాలి. బాణీ మార్చుకోవడమంటే నోటికి మళ్లీ నడక నేర్పినట్టే. (ఆ వాద్యానికి వాడే ఆచ్చా కర్ర మరేదో కాదు, మన అనంతపురం ఎండు కొండల్లోనూ కనిపించే నారయేపే.)

తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. రంగనాథుడి సన్నిధిలో వాయించారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి. 1999లో ఇంతెకాల్ అయ్యారు. శ్రీరంగంలోనే ఆయన నడిపిన నాదస్వర ఆశ్రమానికి శారద పేరు పెట్టుకున్నారు. ఆయన షాగిర్దులు షేక్ మహబూబ్ సుభానీ, ఆయన బీవీ కాలేషాబీ ఇద్దరికీ కలిపి 2020లో పద్మశ్రీ వచ్చింది. నాదస్వరం పట్టిన ముస్లిం ఆడబిడ్డ అన్నమాట!

పేపర్లవాళ్లు ఆయన గురించి రాస్తే చాలు, "మతసామరస్యానికి ప్రతీక" అంటారు. అది అబద్ధం కాదు. గూగూడు కుళ్లాయిస్వామి పీర్లకి హిందూ భాయిలు మొక్కుకోవడం చూస్తూ పెరిగిన మనకి అదేం వింతా కాదు. నా షికాయత్ ఒక్కటే. ఆ ఒక్క మాటతో ఆయన మెహనత్ మాయమైపోతుంది. ఏళ్ల తరబడి రియాజ్ చేసిన ఉస్తాద్ గోడమీది బొమ్మ అయిపోతాడు. మనవైపు నుంచి ఇంకో మాట వినిపిస్తుంది, గుళ్లో వాయించడం జాయెజేనా అని. ఫత్వా ఇచ్చేంత ఇల్మ్ నాకు లేదు. కానీ నచ్చనివాళ్లు కూడా ఆయన్ని మన తవారీఖ్‌లోంచి కొట్టేయలేరు.

ఆ రాత్రి భోజనాలయ్యాక సుభానీ, కాలేషాబీల కచేరీ ఫోన్‌లో పెట్టి ఆ కుర్రాడి చేతికిచ్చాను. చిచ్చా కూడా దగ్గరికి జరిగాడు. పది నిమిషాలు ఇద్దరూ కదల్లేదు. అంతలో మళ్లీ డీజే మొదలైంది.