పాత అచ్చు – కొత్త బొమ్మ: ప్లాస్టిక్ నమూనా కార్ల చరిత్ర

తెలుగులో ‘అచ్చు’ అను మాట రెండు పనులకు వాడుకలో నున్నది. పుస్తకమును అచ్చు వేయుదురు. బొమ్మను అచ్చులో పోయుదురు. రెండింటి ప్రయోజనము ఒక్కటే: ఒకసారి పడిన శ్రమతో అనేక ప్రతులను పొందుట. పుస్తకమునకు పునర్ముద్రణ ఉన్నట్లే బొమ్మకును పునర్ముద్రణ కలదా? ఉన్నచో, యాభై, అరవై ఏండ్ల క్రిందటి అచ్చు నేటికిని పనికివచ్చునా? ఈ ప్రశ్నకు మంచి సమాధానము అమెరికా దేశపు ప్లాస్టిక్ నమూనా కార్ల చరిత్రలో లభించును. అది బొమ్మల కథవలె కనిపించినను, యంత్ర పరిశ్రమలో ఏది నిలుచును, ఏది నశించును అను విషయమును మనకు తెలుపును.

రెండు రకముల అచ్చులు

జహీరాబాదునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున బీదరు పట్టణము కలదు. 1956 వరకు జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిదే. బీదరులో పేరుగాంచిన బిద్రీ పాత్రలను జింకులో కొద్దిపాటి రాగిని కలిపిన మిశ్రలోహముతో పోతపోయుదురు. అచ్చు మట్టితో చేయబడును. లోహము చల్లబడిన తరువాత అచ్చును పగులగొట్టి పాత్రను బయటికి తీయుదురు. తిరిగి మరియొక పాత్ర కావలెనన్న మరియొక అచ్చు చేయవలసినదే. ఇచ్చట పనితనము అచ్చులో గాక, చేతిలో నిలిచియుండును. తండ్రి నుండి కొడుకునకు, గురువు నుండి శిష్యునకు అది సంక్రమించును.

జహీరాబాదులోనే మోటారు వాహనముల కర్మాగారము కూడ ఉన్నది. 1980 దశకములో ఆల్విన్ నిస్సాన్ పేరిట మొదలై, 1989లో మహీంద్రా వారి చేతికి వచ్చినది. మోటారు వాహనపు రేకు భాగములు ఉక్కు అచ్చుల నడుమ నొక్కబడి రూపొందును. ఈ అచ్చు పగులదు. వేలకు వేలు భాగములను ఒకే రీతిగా ఇచ్చుచుండును. ఇచ్చట పనితనము ఉక్కు దిమ్మెలో నిలిచియుండును. దిమ్మె ఉన్నంతకాలము రూపము ఉండును. దిమ్మె పోయినచో రూపమును పోవును. నమూనా కార్ల కథ ఈ రెండవ తరగతికి చెందినది.

కండగల కార్లు

1960 దశకములో అమెరికాలో ‘మజిల్ కార్లు’ అను తరగతి వాహనములు ప్రసిద్ధి చెందెను. మజిల్ అనగా కండ. మధ్యరకపు కారులో పెద్ద కారునకు తగిన ఇంజనును అమర్చుట వీని లక్షణము. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీవో కారులోని ఇంజను 389 ఘనపుటంగుళములు, అనగా సుమారు 6.4 లీటర్ల పరిమాణము గలది. దాని శక్తి 325 అశ్వశక్తులు. 1966లో డాడ్జ్ చార్జరు, 1968లో ప్లిమత్ రోడ్ రన్నరు వెలువడెను. 1970లో వచ్చిన వాయుకాలుష్య నివారణ చట్టము, పెరిగిన బీమా రుసుములు, 1973 నాటి చమురు సంక్షోభము కలిసి ఈ తరగతి కార్లకు స్వస్తి పలికెను. వీని ఉజ్జ్వల కాలము పదేండ్లకు మించలేదు.

ఈ కార్లతోపాటు వాని చిన్న నమూనాలును పుట్టెను. కారు కంపెనీలు తమ కొత్త కార్లను జనులకు చూపుటకై దుకాణములలో చిన్న ప్లాస్టిక్ నమూనాలను ఉంచుచుండెడివి. వీనిని చేయుటకు ఏర్పడిన సంస్థలలో ఏ.ఎం.టి. ఒకటి. 1948లో మిచిగన్ రాష్ట్రమున స్థాపింపబడిన ఈ సంస్థ మొదట అల్యూమినియముతో బొమ్మలు చేసి, పిదప ప్లాస్టిక్‌నకు మారెను. 1958లో ఈ సంస్థ విడిభాగముల పెట్టెను, అనగా కిట్టును, అమ్మనారంభించెను. బాలుడు ఆ భాగములను అతికించి, తన ఇష్టానుసారము మామూలు కారుగనో, అలంకరించిన కారుగనో, పందెపు కారుగనో కూర్చుకొనవచ్చును. జో-హాన్, ఎం.పి.సి., రెవెల్, మోనోగ్రామ్ అను సంస్థలును ఈ రంగమున పేరుపొందెను.

ఈ నమూనాలలో అనేకము అసలు కారులో 25వ వంతు కొలత గలవి. జీటీవో కారు పొడవు సుమారు 516 సెంటీమీటర్లు. దానిని 25చే భాగించినచో నమూనా పొడవు 20.6 సెంటీమీటర్లు వచ్చును. ఇది విద్యార్థి అరచేతి కంటె పొడవు.

మురుకుల గొట్టము వంటి యంత్రము

ఈ భాగములు ఎట్లు తయారగును? మన ఇండ్లలోని మురుకుల గొట్టమును తలచుకొనుడు. పిండిని గొట్టములో నుంచి పైనుండి నొక్కగా, అది క్రిందనున్న బిళ్ళ రంధ్రముల గుండా బయటికి వచ్చును. ఇంజెక్షన్ మౌల్డింగు యంత్రములో పిండికి బదులు పాలీస్టైరీన్ అను ప్లాస్టిక్‌ను వాడుదురు. ఇది సుమారు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మెత్తబడనారంభించును. దానిని 200 డిగ్రీలకు పైగా వేడిచేసి, అధిక పీడనముతో, మూసియున్న ఉక్కు అచ్చులోనికి నొక్కుదురు. కొన్ని క్షణములలో అది చల్లబడి గట్టిపడును. అచ్చు రెండుగా విడిపోవును. భాగములన్నియు ఒక కొమ్మకు కాచిన కాయలవలె ఒకే చట్రమునకు అంటి బయటికి వచ్చును. ఇట్టి యంత్రమునకు తొలి రూపమును అమెరికాలో హయట్ సోదరులు 1872లోనే సెల్యులాయిడ్ కొరకు పొందిన పేటెంటులో చూడవచ్చును.

యంత్రము కంటె అచ్చు చేయుట కష్టము. కంప్యూటర్లు రాని ఆ కాలములో నేర్పరులైన పనివారు కారు రూపమును ముందుగా కొయ్యతో, నమూనా కంటె పెద్ద కొలతలో చెక్కెడివారు. ఆ రూపమును పాంటోగ్రాఫు అను సాధనము సహాయముతో తగ్గించి ఉక్కులో త్రవ్వెడివారు. పెద్దదిగా చెక్కి తగ్గించుటలో ఒక లాభము కలదు. రెండింతల కొలతలో చెక్కినప్పుడు ఒక మిల్లీమీటరు తప్పు జరిగినచో, తగ్గించిన తరువాత అది అర మిల్లీమీటరే అగును. తప్పును తగ్గించు ఈ సూత్రమును పటములు గీయువారును ఎరుగుదురు.

తిరిగిరాని కోత

ఇచ్చటనే మన కథకు ప్రాణమైన విషయమున్నది. అచ్చు అనగా రూపమునకు ప్రతిరూపము. బొమ్మపై ఉబ్బెత్తుగా నుండునది అచ్చులో గుంటగా నుండును. బొమ్మపై గుంటగా నుండునది అచ్చులో మిట్టగా నుండును. విద్యార్థులు దీనిని సులభముగా పరీక్షింపవచ్చును. మెత్తని బంకమట్టిలో ఒక నాణెమును ఒత్తి తీయుడు. ఆ గుర్తును సూదితో ఇంకను లోతుగా గీయుడు. దానిలో కరిగిన మైనమును పోసి, గట్టిపడిన తరువాత తీసిచూచినచో, మీరు గీసిన గీత మైనపు బిళ్ళపై మిట్టగా కనబడును. అచ్చు నుండి పదార్థమును తీసివేసినచో బొమ్మకు పదార్థము చేరును. కాబట్టి బొమ్మకు ఏదైనను చేర్చుట సులభము. అచ్చును ఇంకకొంచెము త్రవ్విన చాలును. బొమ్మ నుండి ఏదైనను తీసివేయుట కష్టము. త్రవ్విన చోట లోహమును తిరిగి నింపి, మరల చెక్కవలెను.

అమెరికాలో కారు కంపెనీలు ఏటేట కారు ముఖమును, వెనుక దీపములను, అంచులను మార్చుచుండెడివి. నమూనా సంస్థలు ప్రతి సంవత్సరము కొత్త అచ్చును చేయలేవు. అది మిక్కిలి ఖర్చుతో కూడినది. అందుచేత నిరుటి అచ్చునే కొంత త్రవ్వి, కొంత పూడ్చి, కొన్ని ముక్కలను మార్చి ఈ యేటి కారునకు సరిపరచెడివి. 1966 నాటి రూపము 1967 నాటి రూపములో కలిసిపోయెడిది. మజిల్ కార్ల యుగము ముగిసిన తరువాత మరికొన్ని అచ్చులను పందెపు కార్లుగా మార్చిరి. చక్రముల చోటు వెడల్పు చేయబడెను. ఇంజను మూతపై గాలిగూడు మొలచెను. ఆ మార్పుతో మామూలు కారు రూపము ఉక్కులో లేకుండ పోయెను.

నాడు అట్లు చేసిన వారిని తప్పుపట్టజాలము. నిరుటి కారు బొమ్మను ఎవరు కొందురు? వారికి అచ్చు ఒక పనిముట్టు. చరిత్ర పత్రము కాదు. కాని నాటి బాలురు పెద్దవారైరి. తాము చిన్ననాడు అతికించిన కారునే మరల అతికింపవలెనని కోరిరి. 1990 దశకములో రెవెల్-మోనోగ్రామ్ వంటి సంస్థలు పాత కిట్లను ఎంచి తిరిగి విడుదల చేయుటకు ప్రత్యేక ప్రణాళికలు చేపట్టెను. అప్పుడు గిడ్డంగులలో వెదకినచో కొన్ని అచ్చులు క్షేమముగా నుండెను. కొన్ని మారిపోయి యుండెను. కొన్ని తుప్పుపట్టి యుండెను. కొన్ని తుక్కు క్రింద పోయి యుండెను.

ఇందులో మరియొక విశేషము కలదు. ఒక కిట్టు బాగుగా అమ్ముడుపోయినచో, దాని అచ్చును మార్చక అట్లే ఉంచుటకు అవకాశము ఎక్కువ. అంతగా అమ్ముడుపోని రూపములు కోతకు గురియగుటకు అవకాశము ఎక్కువ. కనుక నేడు సులభముగా దొరకు పాత కిట్లను మాత్రమే చూచి ఆ కాలమును అంచనా వేసినచో మనము పొరబడుదుము. మిగిలినది సమస్తము కాదు. మిగులుటకు అవకాశము కలిగినది మాత్రమే. చరిత్ర చదువు ప్రతివారును ఈ మాటను గుర్తుంచుకొనవలెను.

అచ్చుల వలస

సంస్థలు మారినప్పుడు అచ్చులును చేతులు మారెను. ఏ.ఎం.టి. 1978లో ఇంగ్లండునకు చెందిన లెస్నీ సంస్థ చేతికి పోయెను. 1980 దశకములో ఎర్టల్ అను సంస్థకు చేరెను. ఎం.పి.సి. కూడ అదే దశకములో అచ్చటికే వచ్చెను. రెవెల్, మోనోగ్రామ్ సంస్థలు 1986లో కలిసిపోయెను. 2018లో దాని మాతృసంస్థ దివాలా తీయగా, రెవెల్ జర్మనీ పెట్టుబడిదారుల చేతికి వచ్చెను. తయారీ చాలవరకు చైనాకు తరలెను. ఏ.ఎం.టి., ఎం.పి.సి. పేర్లతో నేడు అమెరికాలోని రౌండ్ 2 అను సంస్థ కిట్లను విడుదల చేయుచున్నది. ఒక్కొక్క అచ్చు వందల కిలోల బరువు గల ఉక్కు. అది ఓడలెక్కి సముద్రములు దాటినది. మన దేశమునకును ఈ వలసతో సంబంధము కలదు. ఇంగ్లండులోని ప్రఖ్యాత ఎయిర్‌ఫిక్స్ కిట్లు కొన్ని ఇటీవలి కాలమున భారతదేశములో తయారైనవి.

జో-హాన్ సంస్థ కథ వేరు. అది మూతపడిన తరువాత దాని అచ్చులు చెదరిపోయెను. ఆ సంస్థ చేసిన ఒక నమూనా చెప్పుకొనదగినది. 1963-64లో క్రైస్లర్ కంపెనీ విమానపు ఇంజనువలె గ్యాస్ టర్బైనుతో నడచు 55 కార్లను నిర్మించి, జనులకు పరీక్షార్థము ఇచ్చెను. ప్రయోగము ముగిసిన తరువాత వానిలో 46 కార్లను కంపెనీయే నాశనము చేసెను. తొమ్మిది మాత్రమే మిగిలెను. కాని దాని రూపమును జో-హాన్ నమూనా వేలకొలది ఇండ్లలో నిలిపినది. కారు పోయిన చోట బొమ్మ సాక్షిగా మిగిలెను.

పోయిన అచ్చును తిరిగి తెచ్చుట

అచ్చు లేనప్పుడు చేయదగిన దేమి? అతికింపని పాత కిట్టు ఒకటి దొరికినచో, దానిని కాంతి కిరణములతో కొలిచి, కంప్యూటరులో రూపమును గీసి, కొత్త అచ్చును త్రవ్వవచ్చును. ఇటీవల కొన్ని కార్లను ఇట్లే పునరుద్ధరించిరి. ఇది వినుటకు సులభమే గాని ఇందొక చిక్కు కలదు. పాలీస్టైరీన్ చల్లబడునప్పుడు నూటికి సుమారు 0.4 నుండి 0.7 వంతు వరకు కుంచించుకొనిపోవును. 206 మిల్లీమీటర్ల భాగమును కొలిచి అదే కొలతతో అచ్చు చేసినచో, కొత్త భాగము సుమారు ఒక మిల్లీమీటరు పొట్టిగా వచ్చును. కావున అచ్చును కొంచెము పెద్దదిగా చేయవలెను. 1950 దశకపు నమూనాలు మరింత ఇబ్బంది పెట్టును. అవి సెల్యులోజ్ అసిటేట్ అను పదార్థముతో చేయబడినవి; కాలక్రమమున అవి వంకరపోయినవి. వంకరపోయిన దానిని కొలిచినచో వంకరయే వచ్చును.

ఇది మన తాళపత్ర గ్రంథముల పరిష్కరణ వంటి పని. మూలము పోయినప్పుడు పండితుడు అనేక ప్రతులను ప్రక్కప్రక్కన నుంచి, ఏది లేఖకుని తప్పు, ఏది కవి మాట అని తేల్చును. అచ్చు పనివాడును అంతే. ఏది కారు రూపము, ఏది ప్లాస్టిక్ వంకర అని అతడు తేల్చవలెను. ఛాయాచిత్రములు, అసలు కారు కొలతలు అతనికి తోడ్పడును.

మనము నేర్చుకొనవలసినది

మన దేశములో అంబాసిడర్ కారు ఇంగ్లండునందలి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రూపముతో 1950 దశకము చివర నుండి 2014 వరకు ఉత్తరపారాలో తయారైనది. స్వదేశములో ఆ రూపము ఎన్నడో మరుగైనను ఇచ్చట అర్ధశతాబ్దికి పైగా నిలిచినది. అచ్చు నిలిచినచో రూపము నిలుచునను మాటకు ఇంతకంటె పెద్ద నిదర్శనము లేదు.

అచ్చులు చేయు విద్యకు తెలంగాణములో మంచి పీఠము కలదు. 1968లో ఐక్యరాజ్యసమితి సహాయముతో హైదరాబాదు బాలానగరులో కేంద్ర సాధన రూపకల్పన సంస్థ స్థాపింపబడినది. 1942లో పుట్టి రిఫ్రిజిరేటర్లు, బస్సుల బాడీలు, గడియారములు చేసిన హైదరాబాదు ఆల్విన్ పేరు నేడు అంగళ్ళలో వినబడదు. ఆ రిఫ్రిజిరేటరును తమ ఇంట దాచుకొన్న వారుందురు. కాని ఒక పరిశ్రమ మూతపడినప్పుడు దాని అచ్చులను, పటములను దాచవలెనని తలచువారు అరుదు. అవి ఇనుప తుక్కు ధరకు పోవును. ఆ తుక్కుతోపాటు ఒక తరము పనివారి లెక్కలు, కొలతలు, నేర్పు కరిగిపోవును.

ఉపాధ్యాయులు ఈ పనిని పాఠశాల నుండియే మొదలుపెట్టవచ్చును. మీ ఊరిలోని పోతపని శాలకు, ప్లాస్టిక్ వస్తువుల కర్మాగారమునకు, లేత్ పని దుకాణమునకు విద్యార్థులను తీసికొనిపొండు. మూలన పడియున్న పాత అచ్చు ఏదైనను కనబడినచో, అది దేని అచ్చు, ఎవరు చేసిరి, ఏ సంవత్సరమున చేసిరి అని అడిగి వ్రాయించుడు. వీలైనచో అడిగి తెచ్చి ప్రయోగశాలలో నుంచుడు. అచ్చును చూచి, దానినుండి వచ్చిన వస్తువును మనస్సులో ఊహించి గీయుమని విద్యార్థిని కోరుడు. గుంటను చూచి మిట్టను ఊహించుట జ్యామితిలో మంచి అభ్యాసము. ఆ అచ్చు ఇంకను పనికివచ్చునా లేదా అను సంగతిని ముందు తరము వారే తేల్చుకొందురు. అంతవరకు దానిని తుక్కులో పడనీయక కాపాడుట మన పని.